పేరు మీద రంగు పూసేసిన పాత ఎలక్ట్రిక్ గిటార్: ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చడం ఎలా?

నాగావళి ఒడ్డు (రాయగడ):

అందరికీ నమస్కారం. ఇక్కడి పాత ఆర్కెస్ట్రా పార్టీ ఒకటి సామాను అమ్మేసినప్పుడు వచ్చిన గిటార్ నా దగ్గరుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని ఉంది. ఆకారం లెస్ పాల్‌ది (అమెరికా కంపెనీ గిబ్సన్ మోడల్), రంగు సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచులకు ముదురుగా). రెండు హంబకర్లు (రెండేసి కాయిళ్ల పికప్‌లు, అంటే తీగల మోతను కరెంటు సంకేతంగా మార్చేవి), నాలుగు నాబ్‌లు. హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల) ముందువైపు మొత్తం నల్ల పెయింట్ వేసి, దాని మీద తెల్ల రంగుతో చేత్తో "గిబ్సన్" అని రాసుంది. వెనక నెక్ నాలుగు స్క్రూలతో బిగించుంది. ఆ స్టీలు పలక మీద "స్టీల్ అడ్జస్టబుల్ నెక్", "జపాన్" అనే అక్షరాలు, ఒక ఏడంకెల నంబరు ఉన్నాయి. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిస్తే 314 మి.మీ. నెక్ వైపు పికప్ బాగా మోగుతోంది, బ్రిడ్జి వైపుది మూగ. పెట్టె లోపల రెండు చీటీలు అంటించి ఉన్నాయి, ఒకటి కలకత్తాది, ఇంకోటి ఒడియా అక్షరాల్లో.

ఇది నిజంగా గిబ్సనేనా? నంబరు బట్టి ఏడాది తెలుస్తుందా? విప్పి చూడాలంటే ఏది ముందు, ఏది తర్వాత? మూగపోయిన పికప్ తీసేసి కొత్తది పెట్టించేయమంటున్నారు, పెట్టించొచ్చా?

బరంపురం బేస్:

గిబ్సన్ కాదండి. ఆ పేరును పక్కన పెట్టి మొదలుపెడితే దారి సులువవుతుంది. గిబ్సన్ లెస్ పాల్‌కి నెక్‌ను జిగురుతో బాడీలోకి దింపుతారు, వెనక స్క్రూలూ పలకా ఉండవు. 1970ల్లో మరాడర్ లాంటి ఒకటి రెండు మోడళ్లకు గిబ్సన్ కూడా స్క్రూల నెక్ పెట్టింది కానీ మరాడర్ హెడ్‌స్టాక్ ఆకారమే వేరు, పైగా అది అమెరికాలో తయారైంది. మీ పలక జపాన్ అని చెబుతూనే ఉంది.

ఆ పలక ఒక్క కంపెనీది కాదు. 1970ల్లో జపాన్‌లో తయారై రకరకాల పేర్లతో అమ్ముడైన చాలా గిటార్లకు ఇదే మాటలున్న పలక వేశారు. మాట్సుమోటో ఊళ్లోని మాట్సుమోకు ఫ్యాక్టరీ వాటిలో ముఖ్యమైనది. కుట్టుమిషన్ల చెక్కపెట్టెల పని నుంచి గిటార్లలోకి వచ్చిన ఈ సంస్థ 1987లో మూతపడింది. ఆరియా గిటార్లు అక్కడివే. గిబ్సన్ యాజమాన్యం తన ఎపిఫోన్ గిటార్లను 1970ల్లో చేయించిందీ అక్కడే. ఇబనీజ్, గ్రెకో గిటార్లు చేసిన ఫుజిజెన్ కూడా ఆ ఊరిదే. కాబట్టి పలక చూసి "మాట్సుమోకుదే" అని తీర్మానించకండి. "జపాన్, 1970ల ప్రాంతం" అనుకోండి, అంతే.

నంబరు సంగతి. ఏ కంపెనీదో తేలాకే నంబరుకు అర్థం ఉంటుంది. 1977 నుంచి గిబ్సన్ ఎనిమిదంకెల నంబరు వేసింది: 1వ, 5వ అంకెలు కలిపితే సంవత్సరం, 2, 3, 4 అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. జపాన్ ఇబనీజ్‌కి 1975 చివర నుంచి దాదాపు పదేళ్ల పాటు ఒక అక్షరం, ఆరంకెలు. అక్షరం నెల (ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు), మొదటి రెండంకెలు సంవత్సరం. హెచ్ తర్వాత 78 ఉంటే 1978 ఆగస్టు. ఇంకో అమెరికా కంపెనీ ఫెండర్‌లో ఎస్7తో మొదలైతే 1977 దగ్గరి నెక్. మీ ఏడంకెల నంబరు వీటిలో దేనికీ సరిపోదు. ఇంటర్నెట్‌లో దొరికే "నంబరు కొట్టండి, ఏడాది చూడండి" పేజీలో దాన్ని వేస్తే ఏదో ఒక ఏడాది చూపిస్తుంది. నమ్మకండి.

314 మి.మీ.ని రెట్టిస్తే 628. అది గిబ్సన్ తరహా స్కేలు, అంటే తీగ మోగే పొడవు. ఫెండర్ తరహా అయితే 12వ ఫ్రెట్ దగ్గర 324 వచ్చేది. అంటే దీన్ని మొదటినుంచీ లెస్ పాల్ కాపీగానే చేశారు. వేరే గిటార్ నెక్ తెచ్చి తగిలించి ఉంటే బ్రిడ్జి స్థానంతో పొత్తు కుదరదు. 12వ ఫ్రెట్ నుంచి బ్రిడ్జి శాడిల్ (తీగ ఆనే చోటు) దాకా కూడా 314, మహా అయితే ఇంకో 2, 3 మి.మీ. ఎక్కువ ఉండాలి. అది కొలిచి చెప్పండి.

అమ్మేవాళ్లు ఇలాంటి ప్రతి గిటార్‌నూ "లాసూట్" (అంటే కోర్టు దావా) గిటార్ అని ధర పెంచుతారు. గిబ్సన్ యాజమాన్యమైన నార్లిన్ 1977లో ఇబనీజ్ అమెరికా పంపిణీదారు ఎల్గర్ మీద వేసిన దావా హెడ్‌స్టాక్ ఆకారం గురించి. మిగతా కంపెనీల కాపీలకు ఆ మాట తగిలించడం తప్పు.

టంకం పొగ (జయపురం):

బేస్ గారు చెప్పినదంతా బయట కనిపించేది. అసలు సాక్ష్యం లోపల ఉంటుంది. అయితే విప్పే ముందు, తుడిచే ముందు పగటి వెలుతురులో ఫొటోలు తీసెయ్యండి. ముందు, వెనక, హెడ్‌స్టాక్ రెండు పక్కలు, ప్రతి స్క్రూ తల. ఒకసారి సోల్డరింగ్ చేశాక పాత టంకం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు.

తీగలు ఆరూ కొంచెం కొంచెంగా, సమంగా వదులు చేయండి. బ్రిడ్జి, టెయిల్‌పీస్ మీద ముందే పేపర్ టేప్ వేయండి. ఈ రకంలో వాటిని పట్టుకుని ఉండేది తీగల బిగువే. తీగలు తీయగానే ఊడిపడి సన్‌బర్స్ట్ మీద సొట్ట పెడతాయి. జపాన్ స్క్రూల తలలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా దిగదు, జారి తల చెడిపోతుంది. జేఐఎస్ బిట్ దొరక్కపోతే గాడిలో కదలకుండా కూర్చునే కొన ఉన్నది ఎంచుకుని, గట్టిగా నొక్కి తిప్పండి. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో కాగితం మీద బొమ్మ గీసి అందులోనే గుచ్చండి.

మొదట వెనక ప్లాస్టిక్ మూత తీసి పాట్‌లు (నాబ్‌ల కింద వాల్యూమ్, టోన్ మార్చే భాగాలు) చూడండి. అమెరికా పాట్ అయితే వీపు మీద ఈఐఏ కోడ్ ఉంటుంది: మొదటి మూడంకెలు తయారీదారు (137 అంటే సీటీఎస్, 304 స్టాక్‌పోల్, 134 సెంట్రాల్యాబ్), తర్వాత సంవత్సరం, వారం. 1377633 అంటే 1976లో 33వ వారం. దాని బట్టి గిటార్ అంతకన్నా పాతది కాదని మాత్రమే తెలుస్తుంది. ఫెండర్ 1966లో కొని పెట్టుకున్న పాట్‌లను ఆ తర్వాత కొన్నేళ్ల పాటు వాడింది. మీ దాంట్లో జపాన్ పాట్‌లుండాలి. వాటికి మెడ (రంధ్రంలో దిగే మర గొట్టం) సన్నం, 7 లేదా 8 మి.మీ. అమెరికా పాట్ మెడ 9.5 మి.మీ. రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసిన గుర్తులుంటే పాట్ మారిందన్నమాట. కండెన్సర్ కూడా చూడండి. మన దేశపు కంపెనీ పేరున్నది కనిపిస్తే ఆ రిపేరు ఇక్కడ జరిగింది. ఫ్యాక్టరీ టంకం నున్నగా, కొంచెం మాసినట్టు ఉంటుంది. తర్వాత వేసినది గడ్డకట్టి, పక్కన గోధుమ రంగు ఫ్లక్స్ మరకతో, వైరు తొడుగు కాలి కనిపిస్తుంది.

తర్వాత నెక్ వైపు పికప్ రింగు నాలుగు స్క్రూలు తీసి గుంటలోకి టార్చి వేయండి. పికప్‌ను వైరు లాగకుండా పక్కకు వాల్చండి. గుంట గోడలో పొరలు పొరలుగా చెక్క కనిపిస్తే అతుకుల బాడీ. పై పలకకూ కింది చెక్కకూ మధ్య గాలి సందు ఉంటే, వంచిన ప్లైవుడ్‌ను మూతలా అంటించారన్నమాట. 1970ల జపాన్ కాపీల్లో ఇది మామూలే. గిటార్ తేలిగ్గా ఉండడానికీ, సౌండ్ పెంచితే కూతపెట్టడానికీ కారణం అదే. పికప్ వీపు మీద అంకెల ముద్ర ఉంటే దాన్నీ ఫొటో తీయండి. ఇంకొకటి, హంబకర్ ఆకారపు మూత లోపల ఒకే కాయిల్ ఉన్నవి కూడా ఆ రోజుల్లో చాలా వచ్చాయి. బయటి మూత చూసి హంబకర్ అనేయకూడదు.

నెక్ చివరగా విప్పండి. నెక్ మడమ మీద, గూటిలో పెన్సిల్ రాత, రబ్బరు ముద్ర, తారీఖు వెతకండి. మధ్యలో కాగితమో, అట్టముక్కో షిమ్‌గా ఉంటే పారేయొద్దు. దాని మీద అచ్చు ఉంటే అదీ సాక్ష్యమే. మళ్లీ బిగించేటప్పుడు ప్రతి స్క్రూను ముందు ఎడమకు తిప్పండి. పాత మరలోకి టక్కున దిగినట్టు తెలుస్తుంది, అప్పుడు కుడికి. బిగుతుగా ఉంటే కొవ్వొత్తి మైనం పూయండి. సబ్బు వద్దు, తేమ పీల్చి స్క్రూను తుప్పు పట్టిస్తుంది.

పర్లాకిమిడి శ్రుతి:

హెడ్‌స్టాక్ నల్ల పెయింట్ గురించి ఇద్దరూ చెప్పలేదు. థిన్నర్ జోలికి మాత్రం వెళ్లకండి, పైన రంగుతో పాటు కింది లోగో కూడా కరిగిపోతుంది. దాని మీది ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) మూత తీసి చూడండి. పెయింటర్లు సాధారణంగా దాన్ని ఊడదీయకుండా చుట్టూ పూసేస్తారు కాబట్టి మూత కింద అసలు రంగు మిగిలి ఉంటుంది. ట్యూనర్ల వాషర్ల కిందా అంతే. తర్వాత చీకటి గదిలో టార్చిని హెడ్‌స్టాక్‌కు పక్కనుంచి, దాదాపు చదునుగా పట్టండి. కింద డికాల్ (అంటించిన పేరు బొమ్మ) ఉంటే దాని అంచు సన్నటి మెట్టులా పైకి తేలుతుంది. ముత్యపు చిప్ప పొదిగిన పేరు అయితే చెక్క కుంగిన చోట అక్షరాల ఆకారం దొరకొచ్చు. 365 నానోమీటర్ల యూవీ టార్చి నల్ల పెయింట్ కింద ఏముందో చూపించదు కానీ బాడీ మీద పనికొస్తుంది. పాత నైట్రో లక్కర్ పసుపు, ఆకుపచ్చ కలిసిన మెరుపు ఇస్తుంది, తర్వాత పూసిన చోట నల్ల మచ్చలా తేడా వస్తుంది. జపాన్ గిటార్లలో చాలావాటికి పాలీ (ప్లాస్టిక్ తరహా) పూతే కాబట్టి మెరుపు లేకపోయినా నకిలీ అనుకోనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపిస్తున్నవి ఆ చీటీలు. గిటార్ ఎక్కడ పుట్టిందో పాట్‌లు చెబుతాయి. మన ఊళ్లకు ఎప్పుడొచ్చిందో, ఎవరి చేతుల్లో మోగిందో అవి చెప్పలేవు. 1991కి ముందు దిగుమతికి లైసెన్సులు, పెద్ద సుంకాలు. విదేశీ గిటార్లు ఓడ ఉద్యోగుల సామానులోనో, విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్ల వెంటో వచ్చి కలకత్తాలోనో, విశాఖలోనో చేతులు మారేవి. హౌరా–మద్రాసు లైనుకు దగ్గరున్న మనవైపు ఆర్కెస్ట్రాలకు కలకత్తా దుకాణాలు అందుబాటే.

చీటీని ఇలా చదవండి. ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చైంది. "కలకత్తా-16" తరహా ఉంటే పాతదై ఉండొచ్చు, కానీ ఆ అలవాటు తర్వాతా సాగింది కాబట్టి అదొక్కటే చాలదు. ఇంగ్లీషులో కోల్‌కతా అని ఉంటే 2001 నుంచి. ఇంగ్లీషులో ఒడిశా అని ఉంటే 2011 చివరి నుంచి. ఒడియా అక్షరాల్లో అది ఎప్పుడూ ఒడిశాయే, కాబట్టి ఒడియా చీటీలో రాష్ట్రం పేరు చూసి లాభం లేదు, జిల్లా పేరు చూడాలి. రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయింది. మా పర్లాకిమిడి గజపతి జిల్లాలోకి వచ్చిందీ ఆ రోజే, అంతకుముందు గంజాం. "రాయగడ, జిల్లా కోరాపుట్" అని ఉంటే అంతకు ముందు అచ్చైనదే, కాకపోతే మిగిలిన పాత చీటీలను తర్వాత కొన్నాళ్లు వాడి ఉండొచ్చు.

పార్టీలో పాడినవాళ్లు, వాయించినవాళ్లు ఇప్పటికీ ఉంటారు కదా. వాళ్ల దగ్గర దసరా, పెళ్లి ప్రోగ్రాముల ఫొటోలు అడగండి. నాబ్‌లు, పిక్‌గార్డు, హెడ్‌స్టాక్ రంగు ఏ ఫొటోలో ఎలా ఉన్నాయో పోల్చండి. క్రైస్తవ పాటల బృందం నుంచి వచ్చిందని ఎవరైనా అంటే చర్చి ఆల్బమ్‌లూ చూడాలి. ఎవరేం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి, తారీఖు వేయండి.

నాగావళి ఒడ్డు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాట్‌లలో మూడు ఒకేలా ఉన్నాయి, మెడ 7 మి.మీ., నాలుగోది వేరే, దాని రంధ్రం గీసి పెద్దది చేశారు. పై పలక కింద గాలి సందు ఉంది. శాడిల్ దాకా 316. ఒడియా చీటీలో "రాయగడ, జిల్లా కోరాపుట్ 765001" అని ఉంది. ట్రస్ రాడ్ మూత కింద మెరిసే నలుపు, పేరు లేదు. జాక్ దగ్గర మీటర్ పెడితే నెక్ పికప్ 8.1 కిలో ఓమ్‌లు, బ్రిడ్జిది ఏమీ చూపించట్లేదు.

టంకం పొగ (జయపురం):

శాడిల్ కొలత చూస్తే నెక్, బాడీ ఒక్క గిటార్‌వే. 1970ల జపాన్ స్క్రూ నెక్ కాపీ. 1972కూ 1992కూ మధ్య అచ్చైన చీటీ బట్టి కొత్త జిల్లా రాకముందే రాయగడ చేరి ఉండడానికే అవకాశం ఎక్కువ, అయితే చీటీ పెట్టెది కాబట్టి పెట్టే గిటారూ మొదటినుంచీ జతేనా అని ఆర్కెస్ట్రావాళ్లను అడగాలి. ఫ్యాక్టరీ పేరు మాత్రం పికప్ వీపు ముద్రో, నెక్ మడమ రాతో దొరికేదాకా ఖాళీగా ఉంచండి.

8.1 చూసి వేడి పికప్ (ఎక్కువ జోరుగా సంకేతం ఇచ్చేది) అనుకోకండి. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 7.5 ఉన్నది మన ఎండాకాలం 42 డిగ్రీల్లో 8.1 దాటుతుంది. కొలిచిన రోజు ఉష్ణోగ్రత పక్కన రాయండి.

బ్రిడ్జి పికప్ చచ్చిందని అప్పుడే అనకండి. స్విచ్‌ను మధ్యలో పెట్టి కొలవండి. నెక్ పికప్ రీడింగే వస్తే అవతలి దారి ఎక్కడో తెగింది, కానీ అది స్విచ్ కావచ్చు, గీసి పెట్టిన ఆ నాలుగో పాట్ కావచ్చు. అది బ్రిడ్జి వాల్యూమ్‌దైతే మొదటి అనుమానం దాని మీదే. పికప్ వైరు పాట్‌ను చేరే చోట నేరుగా మీటర్ పెట్టండి. అక్కడ 7, 8 కిలో ఓమ్‌లు వస్తే పికప్ బాగున్నట్టే, కాంటాక్ట్ క్లీనర్ స్విచ్‌లో కొట్టి ఇరవైసార్లు ఆడించండి. అక్కడా ఏమీ రాకపోతే మూత ఊడదీయకుండా ముందు పికప్ కింది వైరు అతుకు చూడండి. మన తేమకు కాయిల్ బయటి కొస టంకం దగ్గర పచ్చగా చిలుము పట్టి తెగడమే ఎక్కువ. ఆ కొస దొరికితే తిరిగి అతకొచ్చు. లోపల తెగితే రీవైండింగ్‌కు ఇవ్వండి. 42 గేజి తీగ, 0.063 మి.మీ. మందం. పాత బాబిన్, అయస్కాంతం, అడుగు పలక తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ముద్ర ఉండేది ఆ అడుగు పలక మీదే.