ఏడు నెలల పాప ఉగ్గు తింటోంది, బరువు మాత్రం పెరగట్లేదు

గాజువాక అమ్మ:
పాపకి ఏడు నెలలు నిండాయి. పోయిన నెల 6.4 కిలోలు, నిన్న తూకం వేస్తే 6.5. ఆరు నెలలూ నా పాలే. ఇప్పుడు పాలతోపాటు అత్తయ్యగారు రోజుకి రెండుసార్లు ఉగ్గు పెడుతున్నారు, బియ్యం పెసరపప్పు వేయించి పట్టించిన పిండే, కానీ గొంతుకి అడ్డం పడుతుందని గ్లాసులో పోసి తాగించేంత పల్చగా కాస్తారు. గుడ్డు వేడట, చేపంటే ముల్లట. నాకూ ఇంకా పథ్యమే, పెరుగు ముట్టనివ్వరు. టెన్షన్‌గా ఉంది, గొడవ పడకుండా దారి చెప్పండి.

ఎంవీపీ కాలనీ:
పిండిలో తప్పేం లేదమ్మా, నీళ్ళే ఎక్కువ. పసిదాని పొట్ట ఎంత, అది నీళ్ళతోనే నిండిపోతే బలమెక్కడిది? చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉడికించి, దించాక ఒక చెంచా నెయ్యి వెయ్యండి. మావాడికి చోడి (రాగి) పిండి కూడా ఇలాగే పెట్టాను. ఉగ్గు మానిపించక్కర్లేదు కాబట్టి గొడవా ఉండదు.

అంగన్‌వాడీ కార్యకర్త, పెందుర్తి:
సెంటర్‌లో పాప పేరు రాయించారా? ఏడో నెల నుంచి మూడేళ్ళదాకా నెలకి 2.5 కిలోల బాలామృతం పిండి ఇస్తాం. (చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళే లడ్డూలు చుట్టుకుని తినేస్తారు, అది వేరే కథ.) అందులో పంచదార ఉంటుంది, దానిమీదే ఆధారపడకండి. బాగా ఉడికిన గుడ్డు పచ్చసొన శెనగగింజంత మెదిపి మొదలుపెట్టండి. నెలకి 100 గ్రాములంటే తక్కువే, పాప బరువులు రాసే కార్డు పట్టుకెళ్ళి పిల్లల డాక్టరుకి చూపించండి. కాన్పయ్యాక మీరు ఐరన్ మాత్రలు 180 రోజులూ వేసుకున్నారా? టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు.

ఒక అత్తగారు:
అందరూ మామీదే పడతారేం! మా కాలంలో పిల్లలకి తేనె నాకించేవాళ్ళం, ఏడాది నిండేదాకా వద్దని మా కోడలు సీసా లాగేసుకుంది, డాక్టరమ్మా అదే చెప్పింది, ఊరుకున్నాను. చేప మాత్రం నేనే పెట్టా. నెత్తళ్ళలాంటి చిన్న చేపలు కాదు, కోనెం (వంజరం) ముక్క ఉడికించి వేళ్ళతో నలిపితే ముల్లు ముందు మన చేతికే తగులుతుంది. పెరుగు నువ్వు తినమ్మా, పాలిచ్చేదానివి, నీకే ఎక్కువ కావాలి.

గాజువాక అమ్మ:
ఇవాళ చిక్కగా కాచాను. మొదటి చెంచా ఉమ్మేసింది, మొహం చిట్లించింది, తర్వాత ఆరు చెంచాలు తింది. అత్తయ్యగారు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు. శనివారం డాక్టరు దగ్గరికి ఆవిడా వస్తానన్నారు.