గుల్‌మార్గ్ బ్యాక్‌కంట్రీకి బ్యాగ్: 20 లీటర్లు చాలా, 30 ఉండాలా?

పాలకొల్లువాడు:
అందరికీ నమస్కారమండి. ఫిబ్రవరిలో మేం ముగ్గురం గుల్‌మార్గ్ వెళ్తున్నాం. ఇద్దరివి స్కీలు, మా బావది స్నోబోర్డు. రెండు చలికాలాలు ఔలీలోనూ గుల్‌మార్గ్‌లోనూ నేర్చుకున్నాం. ఈసారి గైడ్‌ని పెట్టుకుని, చదును చేసిన దారి వదిలేసి అఫర్వత్ కొండ మీద బయటి మంచులోకి (బ్యాక్‌కంట్రీ అనేది దాన్నే) వెళ్లాలని ఉంది. గొండోలా, అంటే అక్కడి రోప్‌వే, రెండో దశ దిగేచోటే దాదాపు 3,950 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఒకరోజు కొంత నడిచి ఎక్కే ఆలోచన కూడా ఉంది.

బ్యాగ్ దగ్గరే మా ఇంట్లో మాట కుదరడం లేదు. నేను 20 లీటర్లది చూశాను. వీపుకి అతుక్కుని ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు ఊగదు. బావ 32 కావాలంటున్నాడు. పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి కుక్కుతాం, లోతు మంచులో పడ్డామంటే లేవలేం, అదీ నా భయం. ఎలాగూ సాయంత్రానికి హోటల్‌కి వచ్చేస్తాం. మీరేమంటారు?

యానాం బోర్డర్:
20 చాలు తమ్ముడూ. నేను రెండు సీజన్లు 18 లీటర్లదే వాడాను. బ్యాగ్ బరువెక్కితే బోర్డు మీద వెనక్కి లాగేస్తుంది, ముందు కాలి మీద నిలబడలేం. నీళ్లు, గాగుల్స్, పల్చటి జాకెట్, రెండు చిక్కీలు. ఇంకేం కావాలి? మంచులో కూరుకుపోతే జాడ చెప్పే బీకన్ ఎలాగూ ఒంటికే కట్టుకుంటాం.

కాకినాడ నుంచి కాల్గరీ:
యానాం తమ్ముడూ, నువ్వు చెప్పిన సామానులో పార లేదు, ప్రోబ్ లేదు. మర్చిపోయి రాయలేదా, లేక తీసుకెళ్లడం లేదా? కోపంతో అడగడం లేదు. ఇక్కడ కెనడాలో రాకీ పర్వతాల్లో పదకొండేళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి అడుగుతున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మంచు చరియ విరిగి మనిషి దాని కింద కూరుకుపోతే, వాళ్ల ఒంటి మీది బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. పైన ఉన్నవాళ్లు తమ బీకన్‌ని వెతికే పద్ధతిలోకి మార్చి దగ్గరికి చేరతారు. తర్వాత ప్రోబ్, అంటే రెండున్నర మూడు మీటర్ల మడత కడ్డీ, మంచులోకి గుచ్చి మనిషి ఎంత లోతులో ఉన్నాడో తేల్చుకుంటారు. ఆ తర్వాత పారతో తవ్వుతారు. పావుగంటలోపు బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటిందంటే చాలా తగ్గిపోతుంది, ఎక్కువమందికి ఊపిరాడకే ప్రాణం పోతుంది. కింద ఊరి నుంచి ఎవరో వచ్చేంత సమయం ఉండదు. పక్కన ఉన్న మీ బావే తవ్వాలి, లేదా ఆయన కోసం నువ్వు తవ్వాలి. నీ బ్యాగ్‌లో ఉన్న పార నీకు పనికొచ్చేది కాదమ్మా, నీ పక్కవాళ్లకి పనికొచ్చేది.

కాబట్టి ముందు లీటర్ల మాట పక్కన పెట్టు. సామానంతా మంచం మీద పరుచు. పార, ప్రోబ్, ఆగినప్పుడు తొడుక్కునే దళసరి జాకెట్, రెండో జత గ్లవ్స్, లీటరు నీళ్లు, తిండి, తల లైటు, కట్లు కట్టే సామాను. నడిచి ఎక్కుతానన్నావు కాబట్టి వెనక్కి జారకుండా స్కీల అడుగున అతికించే పట్టీలు, స్కిన్స్ అంటారు, అవి కూడా. ఇవన్నీ 20లో పెట్టి జిప్పు వేసి చూపించు. గొండోలాలో ఎక్కి గైడ్ వెనకాలే దిగి వచ్చేయడానికైతే 20, 22 సరిపోవచ్చు. నడిచి ఎక్కే రోజుకి 28 నుంచి 32 అని నా మాట.

యానాం బోర్డర్:
అక్కా, పార ఉంది. బ్యాగ్ బయట పట్టీకి కట్టుకుంటాను. రాయకపోవడం నా తప్పే. కానీ 18లో కుదరదని మాత్రం ఒప్పుకోను.

కాకినాడ నుంచి కాల్గరీ:
బయట కడితే చరియలో ఊడిపోవచ్చు, పడినప్పుడు దాని అంచు నీకే గుచ్చుకోవచ్చు. లోపల దానికంటూ వేరే అర ఉన్న బ్యాగ్ చూడు. జాకెట్టూ గ్లవ్సూ ఉండే అరలోనే కలిపి పెడితే, చేతులు వణుకుతున్నప్పుడు ముందు అవన్నీ మంచులో పారబోయాలి. కొబ్బరి దింపు తీసేవాళ్లు కత్తిని నడుముకి కట్టుకుంటారు, సంచి అడుగున వేసుకుని చెట్టెక్కరు కదా.

రావులపాలెం:
అక్క చెప్పింది మేం చేసి చూశామండి. పోయిన డిసెంబర్లో నలుగురం గోదావరి లంక ఇసుకలో సాధన పెట్టుకున్నాం. ఒక బీకన్‌ని డబ్బాలో పెట్టి గోనెసంచిలో చుట్టి మీటరు లోతున పాతిపెట్టాం. పాతినవాడు కాక మిగిలిన ముగ్గురం వెతకాలి. మొదటిసారి నా బ్యాగ్‌లోంచి పార బయటికి వచ్చేసరికే నిమిషం దాటింది. పిడి ఒకచోట, రేకు ఒకచోట, మధ్యలో తువ్వాలు. ప్రోబ్ తాడు లాగి బిగించడం రాక ఇంకో అర నిమిషం. మా తమ్ముడి బ్యాగ్ 26 లీటర్లది, ముందు వేరే అర ఉంది. వాడు నేను పిడి వెతుక్కునే లోపే తవ్వడం మొదలుపెట్టాడు.

తవ్వుతుంటే ఇంకోటి తెలిసింది. ప్లాస్టిక్ పార తడి ఇసుకలో వంగిపోయింది. చరియ ఆగాక మంచు ఇంకా గట్టిగా బిగుసుకుంటుందని మాకు నేర్పినాయన చెప్పారు. అందుకే రేకు లోహంది కావాలి, పిడి సాగేది కావాలి. అలాంటి పార పట్టాలంటే బ్యాగ్ కొంచెం పొడుగ్గా ఉండాలి. 18 లీటర్లది మీ దగ్గరుంటే ముందు పిడి పొడవు కొలవండి. మాకు అక్కడే తేడా వచ్చింది.

ఇంకోటి, ఆ రోజు ఒకడు ఫోన్‌ని బీకన్ పక్క జేబులోనే పెట్టుకుని వెతికాడు, బాణం గుర్తు అటూ ఇటూ తిరిగిపోయింది. వెతికేటప్పుడు ఫోన్ కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతకనప్పుడు, బీకన్ మామూలుగా సంకేతం పంపుతున్నప్పుడు, 20 సెంటీమీటర్లు. ఛాతీ పట్టీకి అయస్కాంతం క్లిప్పు ఉన్న బ్యాగులు కూడా వద్దనే చెప్పారు.

పాలకొల్లువాడి బావ:
నేనేనండి ఆ 32 అన్నవాణ్ణి. నాది మడత పెట్టలేని మామూలు బోర్డు. ఎక్కేటప్పుడు మంచు చెప్పులు తొడుక్కుని బోర్డుని వీపు మీద నిలువుగా కట్టుకోవాలి. మావాడు చూపించిన 20కి లోపల ఫ్రేమ్ లేదు, నడుం బెల్టు కూడా సన్నటి పట్టీ. దానికి బోర్డు కట్టి మా మేడ మెట్లు ఎక్కి చూశాను. బరువంతా భుజాల మీద పడి వెనక్కి లాగేసింది. కావిడి ఒక పక్కకి ఒరిగితే నడక ఎలా ఉంటుందో అలా. పైగా బోర్డు కట్టాక ముందు జిప్పు తెరవడానికి లేదు. వీపు వైపు నుంచి తెరుచుకునే జిప్పు ఉండాలి. నా గొడవంతా అదే.

ముమ్మిడివరం:
గాలి సంచి బ్యాగులంటారు కదా, హ్యాండిల్ లాగితే ఉబ్బేవి. అవి కొనుక్కుంటే ఈ తలనొప్పులన్నీ పోవా? లక్ష అయినా ప్రాణం కంటే ఎక్కువ కాదు.

కాకినాడ నుంచి కాల్గరీ:
మంచి ప్రశ్న. బస్తా బియ్యాన్ని కుదిపితే నూకలు అడుక్కి దిగి పెద్ద గింజలు పైకి తేలతాయి చూడు, ఆ సూత్రమే. ఉబ్బిన సంచితో మనిషి ఆకారం పెద్దదవుతుంది, పారే మంచులో పైనే ఉండే అవకాశం పెరుగుతుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, చరియలో గట్టిగా చిక్కుకున్నవాళ్లలో, సంచి ఉబ్బితే మరణాలు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయని తేలింది. అంటే సగం. కానీ ఐదుగురిలో ఒకరికి సంచి ఉబ్బనే లేదు, ఎక్కువగా హ్యాండిల్ లాగలేకపోవడం వల్ల. చెట్టుకో బండకో కొట్టుకుంటే అది ఆపలేదు. రెండు మూడు కిలోల బరువు, లోపల చోటు కూడా కొంత తినేస్తుంది. గ్యాస్ సిలిండర్ ఉన్నదైతే విమానానికి ముందే ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. డబ్బుంటే కొనుక్కో, నేనూ వాడతాను. పార, ప్రోబ్, బీకన్ మాత్రం మానకూడదు.

2023 ఫిబ్రవరి 1న ఇదే అఫర్వత్ మీద చరియ పడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

యానాం బోర్డర్:
అక్కా, రాత్రి నా 18లో పార పిడి పెట్టి చూశాను. జిప్పు పడలేదు. ఇన్నాళ్లూ బయట కట్టింది అందుకేనని ఇప్పుడు అర్థమైంది. లిఫ్ట్‌లో ఎక్కి జారుతూ దిగి వచ్చేయడానికి చిన్నదే హాయి అన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను. 22లో పారకి వేరే అర ఉన్నది వెతుకుతాను.

పాలకొల్లువాడు:
మంచం మీద పరిచాను. స్కిన్స్, దళసరి జాకెట్ పెట్టేసరికే 20 నిండిపోయింది, నీళ్లకి చోటు లేదు. నాకు 28, బావకి ఫ్రేమూ వీపు జిప్పూ ఉన్న 32. నడుం బెల్టు నిజంగా తుంటి ఎముక మీద కూర్చుంటోందో లేదో ఏడెనిమిది కిలోలు నింపి చూసుకున్నాకే కొంటాం. నీళ్ల గొట్టం గడ్డకట్టేస్తుందంటున్నారు కాబట్టి సీసానే, వీపు పక్కన.

రావులపాలెం అన్నా, మళ్లీ లంకలోకి ఎప్పుడు దిగుతున్నారు? ఆదివారమైతే మేం ముగ్గురం వస్తాం. బీకన్లు మాకు గుల్‌మార్గ్‌లోనే అద్దెకి దొరుకుతాయి, ఇక్కడ మాత్రం లేవు. మీవి రెండు ఇస్తే చాలు. పారలు మేం తెచ్చుకుంటాం.

రావులపాలెం:
ఆయ్, రండి. పొద్దున్నే ఆరింటికి రేవు దగ్గర ఉంటాం. బ్యాగులు ఖాళీగా తేవొద్దు, కొండ మీదకి వెళ్లే రోజు ఎలా సర్దుతారో అలాగే సర్దుకుని రండి.