డిగ్రీలో పై స్థాయి స్పానిష్ తీసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో స్పానిష్ తీసుకుని ఏ2 స్థాయి దాకా, అంటే ఏ1 నుంచి సీ2 వరకు ఉండే ఆరు మెట్లలో రెండోదాని దాకా వచ్చాను. వచ్చే సెమిస్టర్‌లో దాని పై మెట్టు బీ1 మొదలవుతుంది. ఈ వారంలోనే పేరు ఇవ్వాలి, అదే టెన్షన్.

చదవడం, రాయడం పర్వాలేదు. నోరు తెరిస్తేనే తిప్పలు. 'ఆబ్లే' (మాట్లాడాను) అనాల్సిన చోట 'ఆబ్లాబా' అనేస్తాను. రెండూ భూతకాలమే, కానీ అయిపోయిన పనికి ఒకటి, అప్పట్లో జరుగుతుండే పనికి ఇంకోటి. ఇక బీ1లో సబ్‌జంక్టివ్ (కోరిక, అనుమానం లాంటివి చెప్పే క్రియారూపం) కూడా వచ్చి నెత్తిన కూర్చుంటుంది. బాలాజీ కాలనీలో టీ తాగుతూ స్పానిష్ మాట్లాడదామంటే ఎవరు దొరుకుతారు చెప్పండి!

మా నాయన బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నాడు. ఆ మాటా కొట్టిపారేయలేను. నాకేమో డెలే (స్పానిష్ భాషా సర్టిఫికెట్ పరీక్ష) బీ2 మీద ఆశ. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు కదా.

బీ1 దాటినవాళ్లు, హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ చదివినవాళ్లు ఉంటే చెప్పండి. డెలేకి కాలేజీ క్లాసులు సరిపోతాయా, లేక ఢిల్లీలోని సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ (స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ) ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు పెట్టాలా? బీకాం మార్కులు దెబ్బతినకుండా రెండూ లాక్కొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?