నైట్, డాటర్, బ్రాట్: పలకని జీహెచ్ ఎందుకు? పిల్లలకి ఎలా గుర్తుంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. డిక్టేషన్‌లో జీహెచ్ ఉన్న మాటలన్నీ తప్పుతోంది. నిన్న 'తెచ్చాడు' అనే బ్రాట్‌లో ఓయూ బదులు ఏయూ రాసింది, 'నేర్పాడు' అనే టాట్‌లో ఏయూ బదులు ఓయూ రాసింది. పైగా "పలకనప్పుడు ఆ జీహెచ్ ఎందుకమ్మా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియలేదు. బట్టీ పట్టించడం కాకుండా ఇంకేదైనా దారి ఉందా?

జవాబు: అవి సైలెంట్ లెటర్లండీ, కారణాలేం ఉండవు. రోజూ ఐదేసి మాటలు రాయించండి. మా వాడికి అలాగే వచ్చాయి.

మరో జవాబు: రాయించడం మంచిదేనండీ. కానీ పాప అడిగినదానికి కారణం ఉంది, అది తప్పకుండా చెప్పండి. ఆ జీహెచ్ ఒకప్పుడు పలికేది. పాత ఇంగ్లిషులో నైట్‌ని 'నిహ్త్' అనేవాళ్లు, డాటర్‌ని 'దోహ్తోర్' అనేవాళ్లు. ఆ హకారం మన హకారంలా మెత్తగా ఉండదు, గొంతు గీరుతూ వస్తుంది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడ్డ రాతగాళ్లు ఆ ధ్వనికి క్రమంగా జీహెచ్ రాయడం మొదలుపెట్టారు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత రాత మెల్లగా గట్టిపడిపోయింది, నోట్లో ధ్వని మాత్రం అరిగిపోయింది. జర్మన్లు ఇప్పటికీ 'నాఖ్ట్', 'టోఖ్టర్', 'ఆఖ్ట్' అని పలుకుతారు. ఇవి నైట్, డాటర్, ఎయిట్‌కి తోబుట్టువులే.

మన పిల్లలకి ఇంకా దగ్గరి దారి ఉంది. కార్తీకమాసంలో పగలంతా ఉపవాసముండి చుక్కలు కనబడ్డాక భోంచేయడాన్ని నక్తం అంటాం కదా. ఆ సంస్కృత నక్తం, ఇంగ్లిషు నైట్ ఒకే మూలం నుంచి వచ్చినవి. అష్ట, ఎయిట్ అంతే. దుహిత (కూతురు), డాటర్ అంతే. లాటిన్‌లో 'క్త' ఉన్నచోట ఇంగ్లిషు సొంత మాటలో చాలాసార్లు జీహెచ్‌టీ ఉంటుంది. నాక్టర్నల్ పక్కన నైట్, అక్టోబర్ పక్కన ఎయిట్, రెక్టాంగిల్ పక్కన రైట్ (సరైనది) రాసి చూపించండి. అక్టోబర్ పాత రోమన్ లెక్కలో ఎనిమిదో నెలే. ఇలా జతలుగా చూసిన పిల్లలు జీహెచ్‌ని వదిలేయడం నాకు తెలిసి చాలా అరుదు.

అడిగినవారు: నక్తం సంగతి చెప్పగానే కళ్లు పెద్దవి చేసుకుని విందండీ! మరి ఓయూ, ఏయూ గొడవ?

జవాబు: దానికి చిన్న కిటుకు. అసలు క్రియలో 'ఏ' అక్షరం ఉంటే భూతకాలంలో ఏయూ, లేకపోతే ఓయూ. టీచ్, క్యాచ్ రెండింట్లో 'ఏ' ఉంది, కాబట్టి టాట్, కాట్‌లకి ఏయూ. బై, బ్రింగ్, థింక్, సీక్, ఫైట్‌లలో లేదు, వాటికి ఓయూ. బడిలో వచ్చే ఈ ఏడింటికీ ఇది పనిచేస్తుంది. డాటర్ క్రియ కాదు కాబట్టి దాన్ని టాట్ పక్కన పెట్టి నేర్పండి.

ఇంకొకరు: డిలైట్ కూడా నైట్ బాపతేనా?

జవాబు: కాదండీ. అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, మొదట్లో జీహెచ్ లేకుండానే రాసేవారు. లైట్‌ని చూసి 16వ శతాబ్దంలో దీనికీ తగిలించారు. హాటీ (పొగరుబోతు) కూడా అలాంటిదే. ఇవి విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవే. బైట్, వైట్, రైట్ (రాయడం) మాత్రం పాత ఇంగ్లిషులోనే 'ట' ముందు ఆ గీరే హకారం లేనివి, అందుకే వాటికి చివర 'ఈ' వస్తుంది. సైట్‌ల విషయంలో జాగ్రత్త: ఇంటి స్థలం సైట్ లాటిన్‌ది, దానికి జీహెచ్ లేదు. చూపు అనే సైట్‌కి ఉంది.

అడిగినవారు: లాఫ్, కఫ్, టఫ్‌లలో 'ఫ' ఎలా వచ్చింది?

జవాబు: అదే ధ్వని కొన్ని యాసల్లో అరిగిపోకుండా 'ఫ'గా మారింది. రఫ్, ఎనఫ్ కూడా అంతే. ఏ మాట ఏ దారి పట్టిందో చెప్పే సూత్రం లేదు. లాఫ్టర్‌లో మొదటి అక్షరం మార్చితే డాటర్, ముందు ఎస్ పెడితే స్లాటర్, 'ఫ' రెండింట్లోనూ పోతుంది. ఈ ఐదారు మాటలకి మాత్రం మొదట చెప్పినవారి పద్ధతే, రాయించడమే.

ఇంకొకరు: హైట్, వెయిట్ రాత ఒకటే, పలకడం వేరు. పిల్లలు తికమక పడుతున్నారు.

జవాబు: పలకడం నుంచి కాకుండా తల్లిమాట నుంచి మొదలుపెట్టండి. హై నుంచి హైట్, వెయ్ నుంచి వెయిట్. రెండు తల్లిమాటల్లోనూ జీహెచ్ ఉంది, కూతుళ్లకీ వచ్చింది. పలకడం కూడా తల్లినే అనుసరిస్తుంది. హైట్‌లో మాత్రం ఐ ముందు 'ఈ' ఒకటి అదనం, దాన్ని రంగు పెన్సిల్‌తో దిద్దించండి.