సంపాదన అంతే ఉంది, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంది. ఇంకా ఏం ఆపాలి?

కుట్టుపని_ఇంట్లో:

అందరికీ నమస్కారం. మాది రెండు గదుల అద్దె ఇల్లు, మనుషులం ఐదుగురం. మా ఆయనది కూలిపని, ఉన్న రోజు ఉంటుంది లేని రోజు ఉండదు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఈమధ్య కరెంటు బిల్లు ఎంతగా పెరిగిందంటే అద్దె తర్వాత అంత పెద్ద ఖర్చు అదే, పిల్లల ఫీజుకన్నా ముందు దీనికి తీసి పక్కన పెట్టాల్సి వస్తోంది.

నాకు తోచినవన్నీ చేశాను. గదిలో మనిషి లేకపోతే లైటు వెలగనివ్వను, పిల్లలు టీవీ ముందు కూర్చుంటే కేకలేస్తున్నాను, ఫోన్ ఛార్జర్లు కూడా పీకేస్తున్నాను. అయినా బిల్లు తగ్గలేదు. ఇంట్లో ఉన్నవి చెప్తాను: మూడు సీలింగ్ ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, టీవీ, బాగా పాత ఫ్రిజ్, నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె, మోటారున్న కుట్టుమిషను. ఏసీ లేదు.

అసలు బాధ ఏంటంటే మా అత్తగారికి ఆయాసం. బిల్లు గురించి మేం మాట్లాడుకోవడం విని రాత్రిపూట ఫ్యాను ఆపేసుకుని పడుకుంటున్నారు, నెబ్యులైజర్ పెట్టుకోమన్నా "ఇప్పుడు బాగానే ఉందిలే" అంటున్నారు. నాకు ఏడుపొస్తోంది. ఎక్కడ తగ్గించాలో ఎవరైనా చెప్పండి. ఫ్రిజ్ పాతదని వాయిదాల మీద కొత్తది తీసుకోమని ఒకరు, కరెంటు ఆదా చేసే పరికరమొకటి ప్లగ్గులో పెట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. కొనొచ్చా?

వైరింగ్_పనివాడు:

అమ్మా, ముందు అత్తగారి సంగతి. నెబ్యులైజర్ 100 నుంచి 150 వాట్లు ఉంటుంది, పది నిమిషాలు పెడితే యూనిట్‌లో నలభయ్యో వంతు దాటదు. రోజుకు రెండుసార్లు పెట్టుకున్నా నెలంతా కలిపి ఒకటిన్నర యూనిట్ దాటదు. ఈ లెక్క ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి. దాన్ని ఆపి మిగుల్చుకునేది ఏమీ లేదు. ఫ్యాను కూడా ఆవిడది ఆపొద్దు, తగ్గించడానికి వేరేవి ఉన్నాయి.

ఇప్పుడు లెక్క. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు నడవడం, అంతే. మీ 9 వాట్ల ఎల్ఈడీ బల్బు నూరు గంటలకు పైగా వెలిగితే గానీ ఒక యూనిట్ కాదు. మీ రాడ్డు 1500 వాట్లదైతే ఇరవై నిమిషాల్లో అర యూనిట్ తాగేస్తుంది. అంటే ఐదుగురికీ రోజూ ఆ రాడ్డుతోనే నీళ్లు కాచే ఇంట్లో లైట్ల కోసం పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఛార్జర్ పీకడం మంచి అలవాటే గానీ అది బిల్లులో కనిపించేంత కాదు. వేడి పుట్టించేవి, రోజంతా తిరిగేవి, ఈ రెండు రకాలే బిల్లును పెంచుతాయి. మీ ఇంట్లో మొదటి రకం రాడ్డు, ఇస్త్రీపెట్టె. రెండో రకం ఫ్రిజ్, ఫ్యాన్లు.

ఫ్యాన్ల గురించి ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మామూలు పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. మూడు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే 2.7 యూనిట్లు, నెలకు 81. బీఎల్‌డీసీ ఫ్యాను అని వస్తున్నాయి, వాటికి 30 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. మూడూ మారిస్తే నెలకు 48 యూనిట్ల దాకా మిగులుతాయి. మూడూ ఒకేసారి కొనలేరు, అక్కర్లేదు కూడా. ఎక్కువసేపు తిరిగేది ఏదో, అంటే అత్తగారి గదిలోది, అదొక్కటి ముందు మార్చండి, ఆవిడ రాత్రంతా వేసుకున్నా ఇబ్బంది ఉండదు. ఇంకో మాట, గోడకు పెద్ద పెట్టెలా ఉండే పాత రెగ్యులేటర్ ఉంటే ఫ్యాను స్పీడు తగ్గించినా మిగతా కరెంటు కొంత ఆ పెట్టెలోనే వేడిగా పోతుంది. దాని బదులు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెడితే స్పీడు తగ్గించినప్పుడు నిజంగా తగ్గుతుంది.

ఆ ప్లగ్గులో పెట్టే పరికరం మాత్రం కొనకండి. దాని లోపల చాలావరకు చిన్న కెపాసిటర్, ఒక లైటు ఉంటాయి. ఇంటి మీటరు లెక్కపెట్టేది నిజంగా వాడిన కిలోవాట్ గంటల్ని, ఆ కెపాసిటర్ వాటిని తగ్గించలేదు. పేదవాళ్ల దగ్గర ఇలాంటివి అమ్మేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష చేయండి. పగటిపూట, రాడ్డూ ఫ్రిజ్ సహా అన్నీ స్విచ్చి ఆపి, ప్లగ్గులు తీసి, మీటరు చూడండి. ఎలక్ట్రానిక్ మీటరైతే చిన్న ఎర్ర లైటు మినుకు మినుకుమంటూ ఉంటుంది, వాడకం ఎక్కువైతే వేగంగా కొట్టుకుంటుంది. అన్నీ ఆపాక కూడా కొట్టుకుంటుంటే ఎక్కడో కరెంటు పోతోంది. తర్వాత మెయిన్ స్విచ్చి ఆపి మళ్లీ చూడండి. మీరు చూడటం వరకే, వైర్లు ముట్టుకోవద్దు, మీటరు పెట్టె తెరవొద్దు.

నెలాఖరు_లెక్కలు:

చెల్లీ, మాది కూడా అలాంటి ఇల్లే, ముగ్గురు పిల్లలతో నేనొక్కదాన్నే నడుపుతున్నాను. పైన అన్న చెప్పిన లెక్క నిజం. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను, బిల్లు కాగితం వైపు నుంచి.

మీరు బిల్లులో కట్టాల్సిన మొత్తం ఒక్కటే చూస్తున్నట్టున్నారు. ఈసారి మూడు చూడండి: ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకు, రీడింగ్ నిజంగా తీశారా లేక అంచనాగా వేశారా. యూనిట్లు పెరగకుండా బిల్లు పెరిగితే అది రేటు వల్లో పాత బాకీ వల్లో స్థిర ఛార్జీల వల్లో పెరిగింది, ఇంట్లో మీరు ఎంత పొదుపు చేసినా ఆ రేటూ, ఆ బాకీ, ఆ ఛార్జీలూ తగ్గవు, దానికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. యూనిట్లు పెరిగితేనే ఇంట్లో వెతకాలి. రీడింగ్ కొన్ని రోజులు ఆలస్యంగా తీస్తే ఆ రోజుల వాడకం కూడా ఇదే బిల్లులో వచ్చి పడుతుంది. స్లాబులు ఉన్నచోట అలాంటప్పుడు పై స్లాబు రేటు పడిందేమో తప్పకుండా అడగాలి. అంచనా బిల్లు అయితే మీటరు మీద అంకె ఫోటో తీసి చూపించి సరిచేయమని అడగొచ్చు.

స్లాబుల్లో మనలాంటి వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చివర వాడిన యూనిట్లకే ఎక్కువ రేటు. కాబట్టి మనం మిగిల్చే ప్రతి యూనిటూ ఆ ఖరీదైన చివరి యూనిట్లలోంచే పోతుంది, పది పదిహేను తగ్గినా తేడా బాగానే తెలుస్తుంది. నేను రోజూ ఒకే వేళకి మీటరు చూసి క్యాలెండర్ మీద అంకె రాస్తాను. ఏ రోజు ఎక్కువ తిరిగిందో, ఆ రోజు ఏం చేశామో గుర్తుంటుంది కదా, వారం రాసేసరికి ఎక్కడ పోతోందో దానంతటదే తేలుతుంది. ఇస్త్రీ కూడా అలాగే, మీరు ఒక్కో జాకెట్టుకీ పెట్టె వేడిచేస్తుంటే మానేసి, కుట్టినవన్నీ పోగేసి ఒకేసారి చేయండి.

ఇంకొకటి, డబ్బు నిజంగా లేని నెల గడువు దాటేదాకా ఊరుకోవద్దు. ముందే వెళ్లి వాయిదాలు అడగండి, నోటిమాటగా కాకుండా కాగితం మీద. లైను తీసేశాక మళ్లీ పెట్టించుకునే ఖర్చు కూడా మన మీదే పడుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, ఇంట్లో వైద్య పరికరం వాడే రోగి ఉన్నవాళ్లకు రాయితీ ఏమైనా ఉందా అని అదే రోజు అడిగి రండి. అడగనిదే ఎవరూ చెప్పరు.

కుట్టుపని_ఇంట్లో:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. అత్తగారికి నెబ్యులైజర్ లెక్క కాగితం మీద వేసి చూపించాను, నిన్న రాత్రి మాట్లాడకుండా పెట్టుకున్నారు.

పరీక్ష చేశాం. అన్నీ ఆపాక కూడా ఎర్ర లైటు అప్పుడప్పుడూ కొట్టుకుంటోంది. మెయిన్ స్విచ్చి ఆపగానే మెట్ల మీద లైటు ఆరిపోయింది! కాసేపటికి కింద వాళ్లు నీళ్ల మోటారు వేస్తే ఆడలేదని పైకి వచ్చారు. ఆ మోటారు నాలుగు కుటుంబాలకూ నీళ్లెక్కిస్తుంది. అంటే అదంతా మా మీటరు మీదే ఉందా? నాకు చేతులు వణికాయి. ఇంటి ఓనరుతో ఎలా మాట్లాడాలి? గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటారేమోనని మా ఆయన భయం.

వైరింగ్_పనివాడు:

అవునమ్మా, మీ మెయిన్ ఆపితే ఆగినవన్నీ మీ మీటరు మీద ఉన్నట్టే. చాలా ఇళ్లలో చూశాను ఇలాంటివి, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు దగ్గరున్న లైను నుంచి తగిలించి వదిలేస్తారు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఒక కిలోవాట్ దాకా తీసుకుంటుంది. రోజుకు గంట నడిస్తే నెలకు 30 యూనిట్లు, అదీ మీ బిల్లులో పై రేటుకి. మీ పిల్లలు టీవీ చూడటం వల్ల కాదు. దాన్ని మీరుగా విప్పించొద్దు, నీళ్లు ఆగితే గొడవ మీ మీదకు వస్తుంది.

అద్దెఇల్లు_అనుభవం:

ఓనరుతో మాట్లాడటం గురించి నేను చెప్తానండి, ఇదే పరిస్థితి మాకూ వచ్చింది. "మమ్మల్ని మోసం చేశారు" అని మొదలుపెట్టకండి, ఆయనకే తెలియకపోయి ఉండొచ్చు. ఆయన్ని మీటరు దగ్గరికి పిలిచి, మెయిన్ ఆపి, మెట్ల లైటు ఆరడం కళ్లారా చూడనివ్వండి. చూశాక మాట సులువు. అప్పుడు రెండు దారులు చెప్పండి. ఒకటి, మోటారుకీ మెట్ల లైటుకీ వేరే కనెక్షన్ ఆయన పెట్టించుకోవడం. అది వెంటనే కుదరదంటే ఆ లైను మీద చిన్న సబ్ మీటరు పెట్టించి, ప్రతి నెలా దాని యూనిట్లకు అయినంత మీ అద్దెలో తగ్గించడం. రెండోది ఒప్పించడం తేలిక, మాకు అదే జరిగింది. ఒప్పుకున్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి, కనీసం ఫోన్‌లో మెసేజ్ అయినా పంపి ఆయన చేత సరే అనిపించుకోండి.

కింద వాళ్లతో, పక్క వాటా వాళ్లతో ముందే మాట్లాడి ఉంచండి. నీళ్లు అందరివీ, ఖర్చు మీ ఒక్కరిదీ కావడం వాళ్లకూ న్యాయం అనిపించదు. నలుగురు కలిసి అడిగితే ఖాళీ చేయమనే మాట అంత తేలిగ్గా రాదు. పాత నెలల డబ్బు కూడా అడగాలని మీకు ఉంటుంది, అది మీ హక్కే, కానీ ముందు ఈ నెల నుంచి ఆగేలా చూసుకోండి, పాతది ఆ తర్వాత అడగండి.

కుట్టుపని_ఇంట్లో:

ఆదివారం ఓనరు వస్తారు, అప్పుడు మీరు చెప్పినట్టే చూపిస్తాను. కింద అక్క తనూ వచ్చి నిలబడతానంది. మరి ఫ్రిజ్ సంగతి? వాయిదాలంటే మా ఆయనకు టెన్షన్.

నెలాఖరు_లెక్కలు:

ఇప్పుడే కొనకు చెల్లీ. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడు, సులువుగా వచ్చేస్తే తలుపు చుట్టూ ఉండే రబ్బరు వదులైంది. ఫ్రిజ్ మార్చక్కర్లేదు, ఆ రబ్బరు ఒక్కటే మార్పించొచ్చు. వెనక జాలీకి పట్టిన దుమ్ము ప్లగ్గు తీసి తుడువు, గోడకు ఆనించి ఉంటే కొంచెం ముందుకు జరుపు. ఫ్రీజర్‌లో మంచు మందంగా పేరుకుంటే కరగనివ్వు, కత్తితో గీకొద్దు. వేడి గిన్నెలు చల్లారాక పెట్టు. చలి నంబరు చివరికి తిప్పి ఉంచితే తగ్గించు, లోపల 4 డిగ్రీలు ఉంటే చాలు. కొందరు రాత్రిపూట ఫ్రిజ్ ఆపేస్తుంటారు, అది చేయకు, పదార్థాలు పాడవుతాయి, పొద్దున మళ్లీ అంతా చల్లబరచడానికి ఎక్కువసేపు ఆడుతుంది.

ఇవి చేశాక, మెట్ల లైటూ మోటారూ మీ మీటరు మీద నడవని ఒక రాత్రి ఫ్రిజ్, అత్తగారి ఫ్యాను తప్ప అన్నీ ఆపి, పడుకునే ముందు, లేచాక మీటరు అంకె రాయి. ఫ్యానుది గంటకు 0.075 యూనిట్ చొప్పున తీసేస్తే మిగిలింది ఆ గంటల్లో ఫ్రిజ్ తాగింది, దాన్ని 24 గంటలకు లెక్కేసుకో. పగలు తలుపు తీస్తూ వేస్తూ ఉంటాం కాబట్టి ఇంకాస్త కలుపుకో. రోజుకు ఒక యూనిట్ దగ్గర్లో ఉంటే అలాగే వాడుకో. మూడు నాలుగు దాకా పోతుంటే మాత్రం ఇక్కడ మళ్లీ రాయి, ఎన్ని లీటర్లదో కూడా రాయి, వాయిదా కట్టడం లాభమో కాదో కలిసి లెక్క వేద్దాం. ఓనరు డబ్బు తగ్గిస్తే ఆ డబ్బుతో ముందు అత్తగారి గదిలో ఫ్యాను మార్చు.