ఒరెగాన్‌లో చెట్ల ఫిజియాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ, అసలు రోజంతా ఏం చేస్తారు?

కిన్నెరసాని_పిల్ల:
అందరికీ నమస్తే. నేను ములుగులో బీఎస్సీ ఫారెస్ట్రీ చేశా (సమ్మక్క సారక్క ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు, ప్రతిసారీ చెప్పాల్సొస్తోంది), తర్వాత ఎమ్మెస్సీ అయింది, ఇప్పుడు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ట్రీ ఫిజియాలజీ (అంటే చెట్టు లోపల పనులెలా జరుగుతాయో చూసే) ల్యాబ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ గారు డగ్లస్ ఫర్ అనే సూదాకుల చెట్టు గురించి, 2021 జూన్ ఎండలకి మాడిపోయిన చెట్ల గురించి గంటసేపు చెప్పారు, నేను సగం అర్థమై సగం అర్థంకాక తల ఊపా. ఇంట్లో నాన్నేమో చెట్లకి డాక్టరువా ఏంటే అంటున్నాడు. నిజంగా అక్కడ పని ల్యాబ్‌లో ఉంటదా అడవిలో ఉంటదా? ఇంకో డౌట్ కూడా, నవ్వకండి. అక్కడ సేలం అనే ఊర్లో 47 డిగ్రీలు వచ్చేసరికి చెట్లు ఎర్రబడిపోయాయంట. మా కొత్తగూడెంలో 46, 47 చూసినవాళ్ళమే, మా వాకిట్లో వేపచెట్టుకి ఏమీ కాలేదు. తేడా ఎక్కడ?

రాత్రిడ్యూటీ:
కంగ్రాట్స్ చెల్లీ. నాది నాలుగో సంవత్సరం, ఆ పక్క రాష్ట్రంలోనే, ల్యాబ్ పేరు మాత్రం అడగొద్దు. ముందు తెల్లకోటు ఊహ తీసెయ్. ఎండాకాలంలో మా డ్యూటీ తెల్లారుజామున మూడింటికి మొదలు, తలకి లైటు కట్టుకుని నైట్రోజన్ సిలిండర్ మోసుకుంటూ అడవిలోకి పోతాం. ఎందుకంటే రాత్రి ఆకు రంధ్రాలు దాదాపు మూసుకునుంటాయి, చెట్టులో నీళ్ళూ వేళ్ళ దగ్గర మట్టిలో నీళ్ళూ ఒక లెవెల్‌కి సర్దుకుంటాయి, కాబట్టి ఎండ పడకముందు కొలిస్తే కింద మట్టి ఎంత ఎండిందో రెమ్మే చెప్పేస్తుంది. కొలిచేదాన్ని ప్రెషర్ బాంబ్ అంటారు (అమ్మతో ఫోన్లో ఈ మాట అన్నావంటే రెండు రోజులు నిద్రపోదు, నా అనుభవం). రెమ్మ కోసి స్టీలు డబ్బాలో పెట్టి, కోసిన మొన ఒక్కటే బయటకి వచ్చేలా బిగించి, మెల్లగా గ్యాస్ వదులుతూ లెన్స్‌లోంచి ఆ మొననే చూస్తుండాలి. అది తడిసి మెరిసిన క్షణంలో గేజి ఎంత చూపిస్తే చెట్టు నీళ్ళని అంత గట్టిగా లాగుతున్నట్టు. మధ్యాహ్నం మళ్ళీ అదే పని, అప్పుడు డగ్లస్ ఫర్‌కి 15, 20 బార్లు వస్తది. కారు టైర్లో గాలి రెండు బార్ల చిల్లరే, అంటే ఆలోచించు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది షోలాండర్ అనే ఆయన, 1965లో. అంతెత్తు చెట్ల పైకొమ్మలు ఎలా దించాడనుకున్నావ్, రైఫిల్‌తో కాల్పించి! మా దగ్గర తాళ్ళేసుకుని ఎక్కుతాం, నాకు మొదటిసారి కాళ్ళు వణికాయి, ఇప్పుడు కొంచెమే వణుకుతాయి.

మిగతా టైమ్ చెట్టు మానులో సూదులు దింపి, బ్యాటరీలు మార్చి, ఎలకలు కొరికిన వైర్లు అతికించుకోవడం. ఆ సూదులు గ్రానియే అనే ఫ్రెంచాయన 1985లో పెట్టిన పద్ధతి, రెండిట్లో ఒకటి వేడి చేస్తాం, చెట్టులో నీళ్ళు జోరుగా పైకెళ్తే అది చల్లబడుతుంది, ఆ తేడాని బట్టి ఎన్ని నీళ్ళు పైకెళ్తున్నాయో లెక్క. చలికాలం మొత్తం ఎండిన సూదాకులు పొడి కొట్టడం, ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాస్తూ తిట్టుకోవడం. అదీ నాన్నగారికి చెప్పాల్సిన జవాబు.

సూదిమొన:
47 డిగ్రీల డౌట్‌కి నవ్వే పనేం లేదు, దాని మీద శాస్త్రవేత్తలే కొట్టుకుంటున్నారు. నేను పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే రీసెర్చ్ ఉద్యోగం), చెట్లలో నీటి మీదే పని. ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, సేలంలో జూన్ ఆఖర్లో మామూలుగా పాతిక డిగ్రీల దగ్గర ఉంటది. మన దగ్గర మార్చి నుంచే మెల్లమెల్లగా ఎక్కుతుంది, ఆకు కూడా దానికి తగ్గట్టు లోపల సర్దుకుంటుంది. అక్కడ మూడు రోజుల్లో మీద పడింది, అదీ కొత్త సూదాకులు అప్పుడే విచ్చుకుని లేతగా ఉన్నప్పుడు. పైగా ఎండ నేరుగా తగిలిన దక్షిణం, పడమర వైపు కొమ్మలే ఎక్కువ మాడాయి, అదే చెట్టుకి నీడ వైపు పచ్చగా ఉంది. నీళ్ళు చాలక ఎండిపోయి ఉంటే చెట్టు మొత్తం వాడాలి కదా, ఒక పక్కే ఎందుకు మాడుతుంది? అందుకే ఒరెగాన్ స్టేట్ వాళ్ళు 2023లో ట్రీ ఫిజియాలజీ జర్నల్‌లో ఇది కరువు కంటే ఎక్కువగా వేడి దెబ్బ అని రాశారు. కాదు, నీళ్ళు అందకే ఎండాయి అని వాదించినవాళ్ళూ ఉన్నారు.

రిటైర్డ్_రేంజర్:
అమ్మా, నేను ఆదిలాబాద్ అడవుల్లో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, పెద్ద చదువులు లేవు. వేప సంగతి వదిలెయ్, దానికి వేళ్ళు లోతు, మాఘం ఫాల్గుణంలోనే పాత ఆకు రాల్చి చిగురేసి, ఎండలు ముదిరేసరికి ముదురాకుతో కూర్చుంటది. టేకైతే ఆకంతా వదిలేసి మోడై నిలబడతది, నీళ్ళు లేనప్పుడు ఆకు పెట్టుకోవడమే దండగ అన్నట్టు. మీ ఫర్ చెట్టుకి ఆ సుఖం లేదు, ఏడాది పొడుగునా సూదులు మోయాలి, అక్కడేమో ఎండాకాలంలో వాన ఉండదంటారు. మన చెట్లకి ఎండాకాలం తర్వాత జూన్‌లో ఆశ ఉంటది, వాటికి అప్పుడే కష్టకాలం మొదలు.

రాత్రిడ్యూటీ:
సార్ చెప్పిందాంట్లో సగం మా క్లాసులో ఒక సెమిస్టర్ పట్టింది 😄

చెల్లీ, ఇంకొకటి రాయడం మర్చిపోయా, అసలు ముఖ్యమైంది ఇదే. టాపిక్ కంటే మనుషుల్ని చూసుకో. నేను మొదట చేరిన ల్యాబ్‌లో ప్రొఫెసర్ ఫీల్డ్‌కి వచ్చింది రెండేళ్ళలో ఒక్కసారి, రాత్రిళ్ళు ఒక్కదాన్నే పంపేవాళ్ళు, సెన్సర్ పాడైతే నా తప్పు. ఇప్పుడున్న చోట పదేళ్ళుగా ఒక టెక్నీషియన్ ఆవిడ ఉంది, ఏ చెట్టుకి ఏ నంబరు, ఏ వాల్వ్ లీకవుతుందో అన్నీ ఆవిడకే తెలుసు, ఆవిడ లేకపోతే మాలో ఒక్కళ్ళకీ డిగ్రీ రాదు. కాబట్టి ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్ నుంచి బయటపడిన స్టూడెంట్ ఒకళ్ళకి మెయిల్ పెట్టు, ఇప్పుడు ఉన్నవాళ్ళు నిజం చెప్పరు. రాత్రి ఫీల్డ్‌కి ఇద్దరు వెళ్తారా, టెక్నీషియన్ ఉన్నారా, సమ్మర్ జీతం రాతలో ఉందా, ఈ మూడూ సూటిగా అడిగెయ్.

కిన్నెరసాని_పిల్ల:
చాలా థాంక్స్ అక్కా, నేను అన్న అనుకున్నా సారీ! ఇద్దరు పాత స్టూడెంట్స్‌కి మెయిల్ పెట్టా, ఒకావిడ అప్పుడే రిప్లై ఇచ్చింది, టెక్నీషియన్ ఉన్నాడంట, రాత్రి ఇద్దరు లేకుండా బండి కదలదంట. పెద్దాయనా, మీరు చెప్పింది నాన్నకి చదివి వినిపించా, వాకిట్లోకెళ్ళి వేపచెట్టు చూసొచ్చాడు. అక్కా, అక్కడ పాయిజన్ ఓక్ ఉంటది జాగ్రత్త అందావిడ, అదేంటి?

రాత్రిడ్యూటీ:
మన నల్లజీడి లేదూ, రసం తగిలితే పొక్కులొస్తాయే, దాని కుటుంబమే, మామిడి కూడా అదే కుటుంబం. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న కార్వాలిస్ ఊరి చుట్టుపక్కల పొదల్లో బోలెడుంటది. మూడేసి ఆకులు కనిపిస్తే చెయ్యి పెట్టకు. ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు నాలుగు ఇండియాలోనే కొనుక్కుని రా, ఇక్కడ రేట్లు మండుతాయి.