జూన్‌లో నర్సరీ: మూడేళ్ళ పాపకు ఇప్పుడే పెన్సిల్ పట్టించాలా?

పాప వాళ్ళమ్మ, బైరాగిపట్టెడ

జూన్‌కి పాపకు మూడేళ్ళ రెండు నెలలు. తిరుపతిలోనే ఇంటికి దగ్గరి స్కూల్లో నర్సరీకి చేర్చాం. బడి తెరిచేలోపు అ నుంచి అః దాకా, ఏ నుంచి జెడ్ దాకా రాయించి పెట్టమన్నారు. పెన్సిల్ ఇస్తే పిడికిట్లో పట్టుకుని రెండు గీతలు గీసి పారేస్తుంది. ఇంట్లో మేం తెలుగు, వాళ్ళ అవ్వ తమిళం. పాప రెండూ కలిపి మాట్లాడుతుంది. నెల రోజులుగా "నా నా నాకు" అని మాట మొదట్లో తడబడుతోంది. అవ్వను తమిళం మానెయ్యమని చెప్పాలా? ఈ రెండు నెలల్లో ఇంట్లో ఏమేం నేర్పాలి?

అంగన్‌వాడీ టీచర్, చంద్రగిరి

అమ్మా, ముందు ఆ పెన్సిల్ తీసి పక్కన పెట్టండి. మూడేళ్ళ బిడ్డ చూసి గీయగలిగేది నిలువు, అడ్డం గీతలు, సున్నా, అంతే. కూడిక గుర్తు నాలుగేళ్ళకు, నలుపలకల పెట్టె నాలుగున్నర, ఐదేళ్ళకు, త్రిభుజం ఆ తర్వాత వస్తాయి. మన 'అ' ఎన్ని మెలికలు తిరుగుతుందో ఒకసారి మీరే నిదానంగా రాసి చూడండి. వేళ్ళలో బలం లేనప్పుడు రాయమంటే పిల్లలు భుజం బిగబట్టి చేయంతా కదిలించి రాస్తారు. కాసేపటికే చెయ్యి నొప్పి పుడుతుంది. తర్వాత పుస్తకం కనబడితేనే ఏడుస్తారు. పిడికిలి పట్టు ఈ వయసుకు తప్పు కాదు.

వేళ్ళకు పని ఇవ్వండి. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు. అరకప్పు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా కలపండి. చేతికి అంటుకుంటే నీళ్ళు ఎక్కువైనట్టు, ఇంకాస్త మైదా చల్లండి. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండాలి. దాంతో ఉండలు, పాములు, మురుకులు చేయించండి. బట్టల క్లిప్పులు తీసి పెట్టించండి, చెనిక్కాయలు ఒలిపించండి.

గీతలకు సుద్దముక్క మేలు, అదీ అంగుళం పొడవుకు విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్కను పిడికిట్లో పట్టుకోవడానికి వీలుండదు, మూడు వేళ్ళు వాటంతటవే ముందుకొస్తాయి. పలకను ఒళ్ళో కాకుండా గోడకు, పాప కళ్ళ ఎత్తులో ఆనించండి. నిలబడి గీస్తే మణికట్టు సరైన కోణంలో ఉంటుంది. రోజుకు పది నిమిషాలు చాలు.

అక్షరాలు నాలుగేళ్ళు దాటాక, అప్పుడైనా 'అ'తో కాదు. సున్నా బాగా వచ్చిన చేతికి 'ర' తేలిక: సున్నా, పైన తలకట్టు. తర్వాత 'గ', 'ఠ'. అ, ఆల వరుస బడిది, చేతికి అనువైన వరుస వేరు.

బడివాళ్ళు ఒత్తిడి చేస్తే ఇది చెప్పండి: 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆటల ద్వారా నేర్పమనే చెబుతోంది. మీ పాపకు ఇంకా దాదాపు మూడేళ్ళ టైముంది.

పిల్లల వార్డు నర్సు, చిత్తూరు

టీచరమ్మ చెప్పిందంతా సరే, చెనిక్కాయల దగ్గర ఒక్కమాట. ఒలిచేది పాప, గింజలు తీసుకునేది మీరు. ఐదేళ్ళలోపు పిల్లలకు గింజ గింజగా ఇవ్వొద్దు. నమిలే పళ్ళు అంత బాగా నలపలేవు, నవ్వుతూ, పరుగెత్తుతూ తింటే గింజ నేరుగా ఊపిరి గొట్టంలోకి పోతుంది. దంచి బెల్లంతో ఉండ చేసి పెట్టండి, బలం అంతే వస్తుంది. ద్రాక్షపండును నిలువునా నాలుగు ముక్కలు చెయ్యండి.

రెండోది, రాత కంటే ముందు నేర్పాల్సింది దొడ్డికి వెళ్ళడం. చాలామంది పిల్లలు బడిలో బిగబట్టుకుంటారు. అట్టా నాలుగు రోజులైతే మలం గట్టిపడి నొప్పి పుడుతుంది, నొప్పికి భయపడి ఇంకా బిగబడతారు. ఆ గట్టిదాని పక్కనుంచి పల్చగా కారి నిక్కరు పాడైతే పెద్దవాళ్ళు విరేచనాలనుకుని మందు వేస్తారు, అది ఇంకా చెరుపు. పొద్దున తిన్న పావుగంటకు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, తిండి పడగానే పేగు కదులుతుంది. బడిలో ఇండియన్ దొడ్డి ఉంటే ఇంట్లో గొంతుకూర్చోవడం అలవాటు చెయ్యండి. బటన్లు, హుక్కులు వద్దు, ఎలాస్టిక్ నిక్కరే వెయ్యండి. ఆడపిల్ల కాబట్టి ముందునుంచి వెనక్కి కడుక్కోవడం నేర్పండి.

స్పీచ్ థెరపిస్టు, తిరుపతి

అవ్వను తమిళం ఆపనివ్వకండి. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది అపోహ. రెండూ కలిపి మాట్లాడటం ఈ వయసులో మామూలే. ఎన్ని మాటలొచ్చాయో లెక్కపెట్టాలంటే రెండు భాషలవీ కలిపి లెక్కించండి. మూడేళ్ళకు మూడు నాలుగు పదాల వాక్యం రావాలి, బయటివాళ్ళకు ముప్పావు వంతు అర్థం కావాలి.

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు ఇట్లా తడబడతారు. చెప్పాలనుకున్నది ఎక్కువ, నోరు ఇంకా అంత వేగం అందుకోలేదు. "నిదానంగా చెప్పు", "మళ్ళీ సరిగ్గా చెప్పు" అనకండి, తను తప్పు చేస్తున్నానని తెలిసి బిగుసుకుంటుంది. మీరే నిదానంగా మాట్లాడండి, పాప పూర్తి చేసేదాకా కళ్ళలోకి చూస్తూ ఆగండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట్లాడేటప్పుడు ముఖం, మెడ బిగుసుకుంటుంటే, ఇంట్లో ఎవరికైనా నత్తి ఉంటే మాత్రం వెంటనే చూపించండి. జలుబు చేసినప్పుడల్లా పిలిస్తే పలకకపోతే చెవి పరీక్ష కూడా.

పాప వాళ్ళమ్మ, బైరాగిపట్టెడ

అందరికీ దండాలు. చివరిగా ఒకటి: మొదటి రోజు నా చీర కొంగు వదలదు. ఆటలో పెట్టి చెప్పకుండా వచ్చేయమంటున్నారు ఇంట్లోవాళ్ళు.

అంగన్‌వాడీ టీచర్, చంద్రగిరి

అదొక్కటి చెయ్యకండి. అమ్మ చెప్పకుండా మాయమవుతుందని ఒకసారి తెలిస్తే రెండో రోజు ఆటమీద కాదు, మీ మీదే కన్నుంచుతుంది. ఇప్పటినుంచే అవ్వ దగ్గర అరగంట, గంట, రెండు గంటలు వదిలి వెళ్ళి రండి, ప్రతిసారీ చెప్పి వెళ్ళండి. గంటలు ఆ వయసుకు తెలియవు, "నువ్వు అన్నం తిన్నాక వస్తా" అనండి, అన్నం తిన్నాక తప్పకుండా రండి. బడి దగ్గర ఒకే ముద్దు, ఒకే మాట, టీచరు చేతికిచ్చి బయల్దేరండి, వాకిట్లో పావుగంట నిలబడితే ఏడుపు పావుగంట సాగుతుంది. మొదటి వారం గంటన్నర, రెండో వారం మూడు గంటలు ఉంచుకోమని అడగండి. సర్దుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మళ్ళీ రెండు మూడు రోజులు ఏడుస్తుంది, అప్పుడూ ఇదే పద్ధతి.